ఎవరి తాలూకు మనిషి

"ఆ ఫోను ఇలగియ్యి."

"ఇవ్వను నాన్నా."

"ఇయ్యమంటన్నానా! ఇంకా ఎంతమందికి సూపిద్దారని దాసినావు మీ అమ్మ బాగోతం?"

"నానెవులికీ సూపించనేదు. అది నాను తీసింది కాదు. ఊరందరి ఫోన్లలోనూ ఉంది. నా ఒక్కదాని ఫోను బద్దలుకొట్టీసినంత మాత్రాన పోద్దేటి?"

ఎల్లారావు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. కూతురు ఆశని కొట్టడానికి ఎత్తాడో, ఫోను లాక్కోవడానికి ఎత్తాడో అతనికే తెలిసినట్టు లేదు. చివరికి ఆ చేత్తోనే గుమ్మం పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకుని కూలబడ్డాడు.

పొద్దున్నే రేవులోకి వెళ్ళినవాడు పదిగంటలకల్లా తిరిగొచ్చేశాడు. వేట ఆపేసిన రోజులు కదా, బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉన్నాయి. కలాసీలంతా నీడన కూచుని వలలు బాగుచేసుకునే కాలం. పనిలేని మగాళ్ళు పదిమంది ఒకచోట చేరి, చేతుల్లో ఫోన్లు కూడా ఉంటే ఇక చెప్పేదేముంది! "బావా, మీ ఆవిడ స్టారైపోనాది, సూసినావేటి?" అని ఒకడు. "బావా, ఆ ఇనపచక్రం కిలో ఎంతకమ్ముద్దంట?" అని ఇంకొకడు. ఎల్లారావు అల్లుతున్న వల అక్కడే పడేసి వచ్చేశాడు.

ఆ వీడియో పట్టుమని ఇరవై సెకన్లు లేదు. ఏదో జిమ్ము, చుట్టూ అద్దాలు. మధ్యలో ఎల్లారావు పెళ్ళాం చిట్టమ్మ, కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని, కాళ్ళకి కూతురి పాత కాన్వాస్ బూట్లు తొడుక్కుని ఉంటుంది. తువ్వాలు గుండ్రంగా చుట్టి, కుదురు చేసి నెత్తిన పెట్టుకుంటుంది. ఇరవై కిలోల ఇనపప్లేటు ముందు గొంతుక్కూచుని, అద్దంలో కండలు చూసుకుంటున్న ఎర్రబనీను కుర్రాణ్ణి పిలుస్తుంది. "బాబూ, ఓ సెయ్యెయ్యి. నెత్తి మీదకెత్తు, నాను లెగుస్తాను." వాడు నోరు తెరుచుకుని నిలబడతాడు. వెనక ఎవరో పగలబడి నవ్వుతారు. అంతే. దానికి ఎవడో 'గంప ఆంటీ' అని పేరు పెట్టాడు.

నగరం నవ్వింది, నవ్వితే నవ్వింది. రేవులో వాళ్ళు కూడా నవ్వారే, అదీ ఒళ్ళు మండే సంగతి. అక్కడ గంప ఎవరూ ఒక్కళ్ళే ఎత్తుకోరని వాళ్ళకి తెలీదా? నలభై కిలోల చేపలు, పైన ఐసు, మెడ మీదుగా కారే నీళ్ళు. కుదురు పెట్టుకుని కూచుని, పక్కన ఎవరుంటే వాళ్ళని కేకేస్తారు. మొగాడైనా, ఆడదైనా, నిన్న జుట్టు జుట్టు పట్టుకున్నదైనా సరే, వచ్చి చెయ్యి వేసి తీరాలి. ఒక్కతే గంప ఎత్తుకుంటోందంటే అది రేవు మొత్తంతో తగువు పెట్టుకుందని అర్థం. ఇరవై నాలుగేళ్ళుగా చిట్టమ్మ ఎరిగిన లోకం అది.

పాపం, మంగళవారం సాయంత్రం కోచ్ మహేశ్వరి చెప్పింది ఒక్కటే ముక్క. "ఆ ప్లేటు రెండు చేతుల్తో పట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడకి నడువు" అంది. ఇంతలో ఫోనొస్తే బయటికి వెళ్ళింది. ఇరవైమంది కళ్ళు, నాలుగువైపులా అద్దాలు. భయంతో చిట్టమ్మ బుర్ర ఆగిపోయింది. బుర్ర ఆగిపోతే ఒళ్ళు తనకొచ్చిన పనే చేస్తుంది. మెడ బాగోలేదు, నెత్తిన పూచికపుల్ల కూడా పెట్టకూడదని డాక్టరు చెప్పిన మాట ఆ క్షణాన గుర్తుకే రాలేదు.

"ఒలే సిట్టా, నిన్నే," అన్నాడు ఎల్లారావు వంటింటి వైపు తిరిగి. "నోట్లో నాలిక నేదేటి?"

చిట్టమ్మ అన్నం గిన్నె దింపుతోంది. ఎడంచేత్తో మసిగుడ్డ పట్టుకుని, కుడిచెయ్యి ఊరికే గిన్నెకి ఆనించి దింపింది. ఆ కుడిచేతి వేళ్ళకి వేడి తెలియదు, చల్లన తెలియదు. సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచీ అంతే.

"ఏటి సెప్పమంటావు?" అంది.

"రేపట్నించి ఎల్లనని సెప్పు."

"ఎల్తాను."

"ఏటీ?"

"డాట్రు ఆరు వారాలిచ్చినాడు. మూడు వారాలు అయిపోనాయి. ఇంకో మూడే ఉన్నాయి."

ఆ మూడు వారాలు ఎలా అయిపోయాయో ఆమె చెప్పలేదు. చెప్పుకోడానికి సిగ్గు. జిమ్ము కౌంటర్లో కూచునే ఆశకి తెలుసు, కానీ బయటపెట్టలేదు. రోజూ బూట్లు సంచిలో పెట్టుకుని జిమ్ము దాకా వెళ్ళేది. మేడమెట్లు సగం ఎక్కేది. పైనుంచి ఇనుము ఇనుముకి తగిలే చప్పుడు, ఆ పాటల హోరు వినగానే కాళ్ళు వెనక్కి తిరిగేవి. కింద మెట్టు మీద గంటసేపు కూచుని ఇంటికొచ్చి మొగుడితో "సేసినాను" అనేది. తుఫాను గాలిలో లారీల మధ్య గంప మోసిన మనిషి పద్దెనిమిది మెట్లు ఎక్కలేకపోయింది. ఎవరికి చెప్తే నమ్ముతారు! పైదాకా ఎక్కింది ఆ మంగళవారమే మొదటిసారి.

మెడలో ఎముకలు అరిగి నరం మీద కూచున్నాయన్నాడు డాక్టరు. వీపూ భుజాలూ గట్టిపడేలా, తెలిసినవాళ్ళ ఎదట, కొంచెం కొంచెం బరువులు ఎత్తాలన్నాడు. చేతిలో పట్టు కొలిచే పిడి ఒకటి పెట్టి నొక్కమంటే దాని ముల్లు ఎనిమిది దగ్గర ఆగింది. ఆరు వారాలకి పన్నెండు దాటాలి. దాటకపోతే మెడ కొయ్యాలి. కోసినా చెయ్యి వస్తుందని మాట ఇవ్వలేను అన్నాడు. గంప ఎలాగూ పోయింది. పూర్ణా మార్కెట్లో ఓ మూల కూచుని చేపలు కోసి బతకాలన్నా కుడిచేత్తో కత్తి పట్టుకోగలగాలి కదా. చిట్టమ్మ దేవుణ్ణి అడుగుతున్నది ఆ ఒక్క పట్టే.

"పోతే పోనీ ఎదవ సెయ్యి," అన్నాడు ఎల్లారావు. "నానున్నాను కాదేటి? నాను తేనా? నాను కూడెట్టనా?"

"ఇప్పుడు తెత్తన్నావా?"

అనేసింది. అనకూడని మాట అని నోరు దాటాక తెలిసింది. వేట ఆపమన్నది సర్కారు, అతను కాదు. కానీ మాట వెనక్కి రాదు కదా.

ఎల్లారావు లేచి చొక్కా దులుపుకున్నాడు.

"ఎల్లు. ఆ జిమ్ము గుమ్మం తొక్కినాక ఈ గుమ్మం తొక్కకు. రేవులో తలెత్తుకు తిరగనివ్వకుండా సేసీసినావు, సాలు."

అన్నం తినకుండానే వెళ్ళిపోయాడు. ఆశ కూడా ఫోను పర్సులో పడేసుకుని, జిమ్ము వాళ్ళిచ్చిన నల్ల టీషర్టు మడత సరిచేసుకుంటూ వీధిలోకి నడిచింది. తల్లి వైపు చూడలేదు.

మూలన గోనె మీద కూచుని ఇదంతా వింటున్న అత్తగారు మహాలక్ష్మమ్మ అప్పుడు నోరు విప్పింది.

"నాకూ ఇలగే ఎక్కింది తిమ్మిరి. నానెవులికి సెప్పేను? గాలి తగిలిందని ఏపమండల్తో కొట్టించేరు. అలగే మోసేను."

"నువ్వు మోసినావు అత్తా. నాను మోయలేకపోతన్నాను."

ముసలామె కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి పన్నెండేళ్ళయింది. స్నానం చేయించినప్పుడు చిట్టమ్మే వాటిని ఒక్కొక్కటీ విప్పి, లోపల కడిగి, తుడిచి, మళ్ళీ వదిలేస్తుంది. వదలగానే ముడుచుకుపోతాయి.

"ఒలే," అంది మహాలక్ష్మమ్మ కాసేపటికి, గొంతు తగ్గించి. "ఆ డాట్రు అప్పుడుంటే నా సెయ్యి ఉండునేటి?"

"ఏమో అత్తా."

"ఉండునేమో."

"ఏమో మరి."

ముసలామె ఒళ్ళోని చేతిని పక్కకి జరుపుకుంది. "కూడెట్టు," అంది.

చిట్టమ్మ కంచంలో అన్నం, చారు కలిపి స్పూనుతో తినిపించింది. ఎడంచేత్తో. ముద్ద చేసి పెట్టడానికి కుడిచెయ్యి రాదు మరి. అత్తకి పెట్టాక, పెరటి గుమ్మంలో గోడవైపు తిరిగి కూచుని తనూ అదే స్పూనుతో తింది. మొగుడి ఎదట ఎడంచేత్తో తినడం ఇష్టం లేక మూడు నెలలుగా అందరూ తిన్నాకే తింటోంది. ఈవేళ ఎదట ఎవరూ లేకపోయినా గోడవైపే తిరిగింది.

కాలనీ మలుపులో కొట్టు దగ్గర ఆగి బయల్దేరిన ఆశని చిట్టమ్మ అందుకుంది.

"అమ్మా, ఈవేళ రాకు," అంది ఆశ నడక ఆపకుండా.

"ఎందుకే?"

"ఎందుకంటే ఏటి సెప్పను? నీకు తెల్దేటి?"

"నాన్న అన్నాడనా?"

"నాన్న గురించి కాదు."

ఎండ మాడ్చేస్తోంది. ఆశకి ఇరవై ఒకటి. చున్నీ నెత్తిన కప్పుకుని ముఖం కనబడకుండా నడుస్తోంది. చిట్టమ్మ రెండడుగులు వేగంగా వేసి పక్కకొచ్చింది.

"ఒకటడుగుతాను, నిజం సెప్పు. మంగళారం నాడు ఆ ఎర్రబనీను గుంటడు 'ఎవరీవిడ' అని నిన్నడిగినాడు. నువ్వేటన్నావు?"

ఆశ నడక వేగం పెంచింది.

"నాకు ఇనబడింది."

"ఇనబడితే మళ్ళీ ఎందుకడుగుతన్నావు?"

"నీ నోటితో సెప్పు."

"'తెలీదండీ, కొత్తగా వచ్చారు' అన్నాను. సాలా?" ఆశ గిరుక్కున తల్లివైపు తిరిగింది. "నన్నేటి సెయ్యమంటావమ్మా? ఉద్యోగానికి ఎల్లినప్పుడు మీ అమ్మగారు ఏం చేస్తారని అడిగేరు. టైలరింగని సెప్పేను. సేపలని సెప్తే ఆ కౌంటర్లో కూసోబెట్టేవోరేటి? పొద్దున్న లెగిసి రెండుసార్లు తలంటుకుంటాను, ఎక్కడ వాసనొస్తదో అని. నీకు తెల్దు."

"తెల్సు," అంది చిట్టమ్మ.

నిజంగానే తెలుసు. సబ్బులు అయిపోవడం చూసే తెలుసుకుంది.

"నిన్న మేనేజరు స్టాఫందర్నీ నిలబెట్టేడు. ఆవిడ ఎవరి తాలూకు అన్నాడు. రిజిస్టర్లో నాను నీ పేరెదర 'స్టాఫ్ తాలూకు' అని మాత్రమే రాసేను. ఎవరి తాలూకో రాయనేదు. స్టాఫ్ తాలూకు వాళ్ళకి ఫీజు ఉండదు కాబట్టే నిన్ను తెచ్చేను. జిమ్ము పేరు ఆ ఈడియోలో పడిపోనాది. మెంబర్లు ఫోన్లు చేసి 'సేపలోళ్ళని కూడా తీసుకుంటన్నారా' అని అడిగేరంట. తీసుకొచ్చింది ఎవరో తేలితే ఆళ్ళని పంపీమని ఓనరు సెప్పేసేరు."

"ఆ మహేశ్వరికి తెల్సా?"

"తెల్దు. ఎవులికీ తెల్దు."

చిట్టమ్మ ఆగిపోయింది. ఆశ కూడా ఆగింది. పక్కనుంచి ఐసు లారీ ఒకటి నీళ్ళు కార్చుకుంటూ వెళ్ళింది.

"ఇంకో జిమ్ము సూద్దారంటే అంత మనవల్ల కాదు," అంది చిట్టమ్మ. "ఇంట్లో నా అంతట నాను ఎత్తితే ఉన్న నరం కూడా పోద్దన్నాడు డాట్రు. మెడ సంగతి తెలిసినది ఆ మహేశ్వరి ఒక్కర్తే. మూడు వారాలే ఆశా. నువ్వు నన్ను ఎరగవు, నాను నిన్ను ఎరగను. మద్దినేల ఎవులూ ఉండరంట కదా. ఆ టయానికి వచ్చి ఎలిపోతాను."

ఆశ కళ్ళలో నీళ్ళు నిండాయి. వద్దనలేదు. అలాగే అని కూడా అనలేదు. చున్నీ ఇంకాస్త ముందుకు లాక్కుని నడిచింది. చిట్టమ్మ కూతుర్ని ఓ ఇరవై అడుగులు ముందుకి పోనిచ్చి, ఎవరో ఎవరి వెనకో నడిచినట్టు నడిచింది.

కూతురికి పరాయిదాన్ని అవుతానని తనే నోటితో చెప్పుకున్నాక ఆ దారంతా ఆమె గుండె ఎలా ఉండి ఉంటుందో వేరే చెప్పాలా?

మెట్ల కింద ఎప్పుడూ కూచునే చోట చిట్టమ్మ కూచోలేదు. కూచుంటే లేవనని తెలుసు. సంచిలోంచి బూట్లు తీసి నిలబడే తొడుక్కుని, విప్పిన చెప్పులు చేత్తో పట్టుకుని, కళ్ళు మూసుకున్నంత పని చేసి ఎక్కేసి, వాటిని పై గుమ్మం పక్కన పడేసింది.

పైన ఎవరూ లేరు. ఏసీ చప్పుడు, అద్దాలు, వాటిలో నాలుగు చోట్ల చిట్టమ్మ. కౌంటరు వెనక ఆశ తలొంచుకుని ఏదో రాసుకుంటోంది. లోపల మహేశ్వరి ఒక బల్ల మీద కూచుని మోకాలికి గుడ్డపట్టీ చుట్టుకుంటోంది. విజయనగరం వైపు పల్లెటూరి మనిషి. ఒకప్పుడు రాష్ట్రం తరఫున బరువులెత్తింది. ఆ మోకాలు పోయాక ఇక్కడ చేరింది.

"వచ్చినావా?" అంది. "ఆ ఈడియో చూసి ఇంక రావనుకున్నాను. తప్పు నాదే. మొదటిరోజు మనిషిని వొదిలేసి ఫోను మాట్లాడినాను."

"నన్ను మళ్ళీ ఎత్తనిస్తావా?"

"ఎత్తకపోతే ఎందుకొచ్చినావు మరి!"

మహేశ్వరి రెండు చెక్కదిమ్మలు తెచ్చి వాటిమీద ప్లేట్లు లేని ఒట్టి ఇనప బార్ పెట్టింది. పదిహేను కిలోలు. దాని ముందు చిట్టమ్మని నిలబెట్టి, కాళ్ళు సర్ది, నడుం మీద చెయ్యి వేసి వంచింది.

"మెడ కదపకు. సూపు ఎదరికి. నడుం వొంగకూడదు, తుంటి దగ్గర వొంగాల. పట్టుకో. లెగు."

చిట్టమ్మ పట్టుకుంది. లేవలేదు. అలవాటుగా తల పక్కకి తిరిగింది, ఎవరైనా ఉన్నారేమో అని.

"ఎవుల్ని వెతుకుతన్నావు?"

"ఎవుల్నీ కాదమ్మా. ఒక్కదాన్నీ ఎత్తడం ఎప్పుడూ ఎరగను."

"ఇక్కడ చెయ్యి వేసేవాళ్ళు ఎవులూ రారు. కింద నించి పైదాకా నీదే."

ఆ మాటకి చిట్టమ్మకి ఏడుపొచ్చింది. రేవులో ఎంత అలిసిపోయినా ఎవరో ఒకరి చెయ్యి ఉండేది. అంతమందితో మోసిన బతుకు చివరికి ఈ అద్దాల గదిలో ఒంటరిగా వంగి నిలబడింది. ఏడుపు మింగి, పళ్ళు బిగించి లేచింది. బార్ లేచింది.

ఒకటి. దించింది. రెండు. మూడు.

"ఓలమ్మా," అంది ఊపిరి వదుల్తూ. నవ్వు కూడా వచ్చింది.

తలుపు తెరుచుకుంది. ఇద్దరు కుర్రాళ్ళు లోపలికొచ్చారు. ఒకడి ఒంటిమీద అదే ఎర్రబనీను.

"రేయ్! గంప ఆంటీ రా!"

"ఏదీ? తియ్ తియ్, ఫోను తియ్."

అద్దంలో నాలుగు చిట్టమ్మలకీ ముఖాలు పాలిపోయాయి. చిట్టమ్మ బార్ ముందు నుంచి పక్కకి జరగబోయింది. మహేశ్వరి భుజం పట్టుకుని ఆపింది.

"ఎక్కడికి?"

"ఆళ్ళెల్లాక ఎత్తుతాను."

"ఆళ్ళు ఎల్తే ఇంకొకళ్ళొత్తారు. నాను మొదట బరువెత్తినప్పుడు ఈ గుంటకి పెళ్ళవదన్నారు మా ఊళ్ళో. అవలేదు కూడా. నీకేటి, పెళ్ళయిపోయింది, పిల్ల ఉంది. ఇంకేటి పోద్ది నీకు?"

చిట్టమ్మ కౌంటరు వైపు చూడకుండా తనని తాను ఆపుకుంది. వంగి బార్ పట్టుకుంది. ఎదర ఫోను ఎత్తి పట్టుకున్న కుర్రాడి ముఖంలోకి సూటిగా చూస్తూ లేచింది.

నాలుగు. వాడు ఇంకా నవ్వుతున్నాడు. ఐదు. నవ్వు తగ్గింది. ఆరోసారి లేచేసరికి వాడు ఫోను దించి, ఎటు చూడాలో తెలియక తన బూట్ల వైపు చూసుకున్నాడు. మూడు వారాలు మెట్ల మీద కూచోబెట్టిన భయం ఇంతేనా అనిపించింది చిట్టమ్మకి. ఇంతేనా! ఈ గుంటలకా నాను భయపడింది? ఏడు కోసం వంగింది.

సగంలో కుడిచెయ్యి విడిచిపెట్టేసింది.

ఆమె విడవలేదు. వేళ్ళు వాటంతటవే తెరుచుకున్నాయి. బార్ ఓ వైపు ఒరిగి, చెక్కదిమ్మని తన్ని, నేలమీద పడి అద్దం దాకా దొర్లింది. ఆ చప్పుడుకి లోపలి గది తలుపు తెరుచుకుని మేనేజరు దేవీప్రసాద్ పరుగున వచ్చాడు.

"ఏమైంది? ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అన్నాడు ముందు. తర్వాత చిట్టమ్మని చూశాడు.

చిట్టమ్మ తన కుడిచేతిని ఎడంచేత్తో నలుపుకుంటోంది. మంగళవారం ఉన్నంత స్పర్శ కూడా ఇప్పుడు లేనట్టుంది. లేక భయానికి అలా అనిపిస్తోందో.

"చెయ్యి అలిసిపోయింది సర్," అంది మహేశ్వరి. "బరువు ఎక్కువ పెట్టినాను. తగ్గిస్తాను. వారం తిరిగేసరికి పట్టు వస్తది, నాకు తెలుసు."

"అది తర్వాత. రిజిస్టర్ తీసుకురా ఆశా."

ఆశ రిజిస్టర్ తెచ్చింది. దేవీప్రసాద్ పేజీ తిప్పి వేలు పెట్టాడు.

"ఇదిగో, 'చిట్టమ్మ, స్టాఫ్ తాలూకు'. నిన్నట్నుంచీ అడుగుతున్నాను. ఎవరి తాలూకు?"

కుర్రాళ్ళిద్దరూ మెల్లగా తలుపు వైపు జరిగారు.

"చూడండమ్మా," అన్నాడు చిట్టమ్మతో. అరవలేదు. అరిచినా బాగుండేది. "నాకు మీమీద కోపం లేదు. నాది ఉద్యోగం. మీరు ఎవరి మనిషో చెప్పండి. చెప్తే వాళ్ళతో మాట్లాడతాను. లేకపోతే రాసినవాళ్ళని అడగాల్సొస్తుంది."

రాసినవాళ్ళు. ఆశ చేతిలోని పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టింది. నోరు తెరిచింది, మూసింది.

"సర్, ఆవిడ నా..." అంటూ మహేశ్వరి ముందుకొచ్చింది. ఆ మోకాలితో, ఈ ఉద్యోగం పోతే ఎక్కడికి వెళ్తుందని ఆ మనిషి! చిట్టమ్మ అడ్డం పడింది.

"నాను ఎవరి తాలూకూ కాదు బాబూ."

దేవీప్రసాద్ చూశాడు.

"అబద్దం సెప్పి రాయించుకున్నాను. లోపల పనిసేసేవాళ్ళకి సుట్టాన్నని సెప్పినాను. ఆ పాపకి ఏటి తెలుస్తది, సిన్నపిల్ల. నన్ను నమ్మి రాసింది. దాన్నేటీ అనకు."

"మీకిక్కడ ఎవరూ లేరా?"

"నేరు."

ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట! ఆశ ఆ మాట విని కూడా కదలకుండా నిలబడింది. నిలబడనీ, అలా నిలబడితేనే మంచిదని చిట్టమ్మ అనుకుంది.

దేవీప్రసాద్ నిట్టూర్చాడు. "అయితే ఇక రాకండి. ఆశా, ఆ పేరు కొట్టేసెయ్."

ఆశ రిజిస్టర్ మీదకి వంగింది. పెన్ను చాలాసేపు కాయితానికి ఆనలేదు. తర్వాత ఒక్క గీత గీసింది. అటునుంచి ఇటు, పేరు మొత్తం మీదుగా.

చిట్టమ్మ ఎవరికీ ఏమీ చెప్పకుండా బయటికి నడిచింది. మహేశ్వరి వెనక నుంచి ఏదో అంది, వినబడలేదు. మెట్లు దిగుతుంటే లెక్క తనంతట అదే నడిచింది. మూడు వారాలు, డాక్టరు, ముల్లు. ఇంటికి వెళ్ళడానికి లేదు, మొగుడు గుమ్మం తొక్కొద్దన్నాడు. ఇక్కడికి రావడానికి లేదు. గోడకి ఆనుకుని కుడిచేతిని పిడికిలి బిగించి చూసింది. మూడు వేళ్ళు ముడుచుకున్నాయి, బొటనవేలూ చూపుడువేలూ అలాగే ఉండిపోయాయి. కత్తి పట్టుకోవడానికి కావలసినవి ఆ రెండే.

"మేడమ్!"

ఎవర్నో అనుకుంది. మళ్ళీ వినిపించింది.

"మేడమ్, మీ చెప్పులు."

ఆశ. గబగబా దిగి వచ్చి రెండు మెట్ల పైన ఆగింది. చేతిలో చిట్టమ్మ రబ్బరు చెప్పులు. పై గుమ్మంలో మేనేజరు నిలబడి ఉన్నాడు.

"మర్చిపోయినానండి," అంది చిట్టమ్మ. కన్న కూతుర్ని అండీ అంది. చెయ్యి చాపింది. ఇరవై నాలుగేళ్ళ అలవాటు కదా, కుడిచెయ్యే చాపింది.

చెప్పులు ఆ వేళ్ళ మధ్య నుంచి జారి మెట్ల మీద పడ్డాయి. ఒకటి బోర్లా పడి ఇంకో రెండు మెట్లు దొర్లింది.

తీయడానికి ఆశ కిందకి దిగి వంగింది. వంగిన పిల్ల ఎంతసేపటికీ లేవలేదు. తల్లి బూట్ల దగ్గర, చెప్పు చేత్తో పట్టుకుని, మెట్టు మీద కూచుండిపోయింది. వీపు ఎగిరెగిరి పడుతోంది. నల్ల టీషర్టు మీద జిమ్ము పేరు తెల్లటి అక్షరాలతో కదులుతోంది.

"ఆశా?" పైనుంచి దేవీప్రసాద్ ఒక మెట్టు దిగాడు. "ఏమైంది? ఎందుకేడుస్తున్నావ్? ఎవరావిడ?"

ఆశ తలెత్తి తల్లి ముఖంలోకి చూసింది. పెదాలు విడివడ్డాయి.

చెప్పొద్దని చిట్టమ్మ తల అడ్డంగా ఊపింది.